చుక్కల రెక్కల దోమను పట్టిన డాక్టర్ రాస్

అంగళ్లు: దీపాలు పెట్టే వేళకు పశువుల కొట్టంలో ముసురుకునే దోమకు రెక్కలెన్ని? తేనెటీగకు, తూనీగకు నాలుగేసి ఉంటాయి. దోమకు, ఈగకు రెండే. వెనుక రెక్కలు ఉండవలసిన చోట గుండుసూది తలవంటి చిన్న కాడలుంటాయి. ఎగిరేటప్పుడు తూలిపోకుండా అవి కాపాడతాయి. ఈ రెండు రెక్కల పురుగుల వర్గాన్ని శాస్త్రజ్ఞులు డిప్టెరా అంటారు. గ్రీకు భాషలో డి అంటే రెండు, ప్టెరాన్ అంటే రెక్క. ఆ రెండు రెక్కల మీది మచ్చలే ఒక డాక్టరుకు దారి చూపాయి. ఆయనే సర్ రోనాల్డ్ రాస్.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి సైన్యాధికారి. లండన్‌లో వైద్యం చదివి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. 1883లో మదనపల్లెకు పొరుగునున్న బెంగళూరులో పనిచేస్తుండగా ఆయన బంగళాలో దోమల బాధ ఎక్కువగా ఉండేది. కిటికీ దగ్గరి పీపాలో నీటిపురుగులను చూసి, ఆ నీరు పారబోయించారు. దోమలు తగ్గిపోయాయి.

ఆ రోజుల్లో చలిజ్వరం చెడుగాలి వల్ల వస్తుందని చాలామంది నమ్మేవారు. దోమకు దీనితో సంబంధముందని లండన్‌లోని డాక్టర్ మాన్సన్ ఊహించారు. దాన్ని రుజువు చేయడానికి రాస్ 1895లో సికిందరాబాదు వచ్చారు. రెండేళ్లు వందలాది దోమలను కోసి చూసినా ఫలితం లేదు. అవి మలేరియాను మోసే జాతి దోమలు కావు.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న దోమలు చేతికి చిక్కాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగిని వాటిచేత కుట్టించారు. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చారు. ఉక్కపోతగా ఉన్నా, కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా ఊపనివ్వలేదు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో నల్లని రేణువులున్న గుండ్రని కణాలు కనిపించాయి. అవే మలేరియా క్రిములు. ఆ దోమ జాతి పేరు అనాఫిలిస్.

అంతలోనే మలేరియా అంతగా లేని రాజపుటానాకు బదిలీ అయింది. పని ఆగిపోయింది. 1898లో కలకత్తా చేరి, పక్షుల మలేరియాపై పరిశోధించి, క్రిములు దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా వ్యాపిస్తాయని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1932 సెప్టెంబరు 16న లండన్‌లో కన్నుమూశారు. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం నేటికీ ఉంది.

బెంగళూరు పీపా చెప్పిన పాఠం పల్లెలకూ వర్తిస్తుంది. తొట్లు, కుండలు, పాత టైర్లలో నిలిచిన నీటిని వారానికొకసారి పారబోస్తే రెక్కలు రాకముందే దోమ పిల్లలు చస్తాయి. డెంగీని మోసే దోమకూ ఇదే మందు.