శివారు చేను దాకా



మే 15వ తేదీ వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలకు పూలదండలు పడతాయి. ధవళేశ్వరంలో అధికారులూ నాయకులూ వస్తారు. పల్లెల్లో రైతులే నలుగురు చేరి విగ్రహాన్ని కడిగి దండ వేస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కాలువలు కట్టేసి ఉంటాయి. తాడేపల్లిగూడెం నుంచి భీమడోలు, గుండుగొలను ప్రాంతం మీదుగా ఏలూరు చేరే కాలువలో నీరు తగ్గి, ఏడాదంతా అడుగున దాగినది బయటపడుతుంది. పేరుకున్న ఒండ్రు, ఎండిన గుర్రపుడెక్క, మనం పారేసిన ప్లాస్టిక్ సంచులు కనిపిస్తాయి. సంఘ కాలమానంలో ఇవి ఈస్టరు దాటి పెంతెకొస్తు కొరకు కనిపెట్టే దినాలు. కాలువ ఎండినప్పుడు దాన్ని తవ్వించిన మనిషిని తలచుకోవడం మంచిదే. ఆయన జీవితంలో మన సంఘాలు నేర్చుకోవలసినది ఉందని మేము నమ్ముతున్నాము.

ఆర్థర్ కాటన్ 1803లో ఇంగ్లాండులో ఒక పెద్ద కుటుంబంలో పదవ కుమారుడిగా పుట్టారు. ఈస్టిండియా కంపెనీ అడిస్కోంబులో నడిపిన సైనిక పాఠశాలలో చదివి, పదహారేళ్ళ ప్రాయంలోనే మద్రాసు ఇంజనీర్ల దళానికి ఎంపికయ్యారు. 1821లో మన దేశానికి వచ్చారు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశారు. యౌవనంలోనే ప్రభువును వ్యక్తిగతంగా ఎరిగి, చివరి వరకు వాక్యమునందును ప్రార్థనయందును నిలిచిన విశ్వాసి ఆయన. అయితే ఆయన బోధకుడు కాలేదు. ఆయన చేతిలో ఉన్నవి కొలబద్ద, నక్షా కాగితం, నదులపై అవగాహన. వాటితోనే దేవుని సేవించారు.

ఆయన తొలి పాఠశాల కావేరి. తంజావూరు ప్రాంతంలో చోళుల కాలపు కల్లణై ఆనకట్టను ఆయన శ్రద్ధగా పరిశీలించారు. అడుగున రాతి నేల లేని నదిలో, కేవలం ఇసుక మీద అంత బరువైన కట్టడం వందల ఏళ్ళుగా ఎలా నిలిచిందన్నది ఆయన ప్రశ్న. పాలకుల జాతివాడినన్న గర్వంతో ఆ పాత పనిని ఆయన తీసిపారేయలేదు. పేరు తెలియని పూర్వపు పనివారి దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. 1836లో కొలెరూన్ పాయ మీద ఆయన కట్టిన ఆనకట్టలు తంజావూరు డెల్టాను నిలబెట్టాయి. ఆ శ్రమలో ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద టాస్మేనియా దీవికి వెళ్ళారు. 1841లో అక్కడే ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహమాడారు.

ఆ కాలంలో మన జిల్లాల సంగతి ఏమిటి? 1832-33లో వచ్చిన నందన కరువును మన పెద్దలు డొక్కల కరువని కూడా అన్నారు. గుంటూరు సీమ శ్మశానమైంది. గోదావరి సీమ కూడా కరువులకూ ఉప్పెనలకూ చితికిపోయింది. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఇరవై ఏళ్ళలో నలుగురిలో ఒకరు కనబడకుండా పోయారు. కొందరు చచ్చారు, కొందరు వలసపోయారు. ఇదంతా గోదావరి ఒడ్డునే జరిగింది. కళ్ళ ముందు నది నిండుగా పారి సముద్రంలో కలిసిపోతుంటే పక్కనే జనం ఆకలితో చచ్చారు. జిల్లా దుస్థితిని విచారించడానికి వచ్చిన సర్ హెన్రీ మాంట్‌గొమరీ, ఆనకట్ట గురించిన కాటన్ ఆలోచనను బలపరిచారు. కాటన్ 1844లో తన నివేదిక పంపారు. 1846లో అనుమతి వచ్చింది. 1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది.

అడిగినంతమంది ఇంజనీర్లను ప్రభుత్వం ఇవ్వలేదు. ఉన్నవారితోనే ఆయన మొదలుపెట్టారు. ధవళేశ్వరం దగ్గర గోదావరి లంకల మధ్య నాలుగు పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట లేచింది. పక్కనున్న కొండ రాయిని తొలిచి నదిలోకి చేర్చారు. మరుసటి సంవత్సరమే కాటన్ ఆరోగ్యం కూలిపోయి పని వదిలి వెళ్ళవలసి వచ్చింది. కెప్టెన్ ఓర్ ఆ బాధ్యత మోశారు. కాటన్ 1850లో తిరిగి వచ్చారు. 1852లో ఆనకట్ట పూర్తయింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీదుగా కాలువను దాటించే అక్విడక్టును యువ అధికారి హేగ్ కట్టారు. వీణెం వీరన్న అనే మన తెలుగు పర్యవేక్షకుడు కాటన్‌కు కుడిభుజంగా నిలిచారు. విగ్రహం ఒక్కరికే ఉన్నా, పని అనేకులది. మన సంఘాల శిలాఫలకాల మీద కూడా ఒక పేరే ఉంటుంది. ఇటుకలు మోసిన పేర్లు దేవుని గ్రంథంలో ఉంటాయి.

ఇక్కడ ఒక చిన్న సంగతి మమ్మును ఆలోచింపజేస్తుంది. ఇసుక మీద కట్టిన ఇల్లు కూలిపోతుందని మనం సండే స్కూలు నుంచి నేర్చుకున్నాము. కానీ ధవళేశ్వరం ఆనకట్ట నిలిచింది ఇసుక మీదనే. అందుబాటులో బండ లేదు. అందుకని ఇసుకలోకి బావులు దింపి, వాటి మీద గోడ లేపి, వెనుక భాగంలో పెద్ద పెద్ద రాళ్ళు పరిచారు. వరద కోసినప్పుడల్లా ఆ రాళ్ళు కొంత దిగిపోయేవి, మళ్ళీ రాళ్ళు వేసేవారు. అలా దిగి దిగి చివరకు కదలకుండా కూర్చున్నాయి. లూకా సువార్తలో ఆ ఉపమానాన్ని చదివితే బుద్ధిమంతుడు బండను వెదకడమే గాక లోతుగా తవ్వాడని కూడా ఉంది. క్రీస్తే మన బండ, సందేహం లేదు. అయితే ఆ బండ దాకా తవ్వే శ్రమ మనది. ఒక్క ఉజ్జీవ కూటంలో వేసిన రాయి మొదటి వరదకే దిగిపోయిందని నిరాశపడకూడదు. ప్రతి సంవత్సరం మళ్ళీ రాయి వేయాలి. కుటుంబ ప్రార్థన, ఆదివార ఆరాధన, శ్రమదినముల ధ్యానం ఇవన్నీ అలా వేసే రాళ్ళే.

కాటన్ చేసినదంతా ఫలించలేదు. కర్నూలు-కడప కాలువ ఆయన ఆలోచనలోనుంచి పుట్టినదే. ఒక కంపెనీ దాన్ని తవ్వి భారీగా నష్టపోయింది. చివరకు 1882లో ప్రభుత్వం కొనవలసి వచ్చింది. ఎగువ గోదావరిలో దుమ్ముగూడెం దగ్గర పడవల రవాణాకు మొదలుపెట్టిన పనులు 1871లో ఆగిపోయాయి. రైళ్ళకంటె కాలువలే ఈ దేశానికి మేలని ఆయన పట్టుబట్టి వాదించారు. 1878లో ఇంగ్లాండు పార్లమెంటు సంఘం ముందు గట్టి ప్రశ్నలు ఎదుర్కొన్నారు. పై అధికారులు ఆయనను మొండివాడన్నారు. 1861లో సర్ బిరుదు ఇచ్చిన దేశమే ఆయన పెద్ద ఆలోచనలను పక్కన పెట్టింది. నమ్మకమైన సేవకుడికి ప్రతి పనిలోనూ విజయం వస్తుందని బైబిలు చెప్పదు. మోషే వాగ్దాన దేశాన్ని కొండ మీదనుంచే చూశాడు.

మరొక మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. కంపెనీ ఈ ఆనకట్ట కట్టింది కేవలం దయతో కాదు. శిస్తు పెరుగుతుందన్న లెక్క కూడా ఉంది, శిస్తు పెరిగింది కూడా. నీరు పారింది భూమి ఉన్నవారి చేలకు. మట్టి తట్టలు నెత్తిన మోసినవారిలో, రాళ్ళు కొట్టినవారిలో ఎంతోమందికి సెంటు భూమి లేదు. ఈ రోజు మన మందిరాలలో కూర్చునే అనేక కుటుంబాల తాత ముత్తాతలు అటువంటివారే. కూలి దొరికింది, కరువు తగ్గింది, ప్రాణం నిలిచింది. అందుకు కృతజ్ఞులమే. కానీ కాలువ తవ్వినవాడి గడపకు ఆ పంట ఎంత చేరిందన్న ప్రశ్న మిగిలే ఉంది. కాటన్‌ను గౌరవించడానికి ఆ ప్రశ్నను దాచిపెట్టనవసరం లేదు. కోత కోసేటప్పుడు చేని అంచులను పేదలకు విడిచిపెట్టమని ఆజ్ఞ ఇచ్చిన దేవునికి ఈ ప్రశ్న కొత్త కాదు.

నీటి వెంట సువార్త కూడా ప్రయాణించింది. బౌడెన్, బీర్ అనే ఇద్దరు సహోదరులు 1836లోనే ఈ దేశానికి వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. 1842లో హేయర్ గుంటూరు చేరారు. 1854లో సీ.ఎం.ఎస్. మిషనరీల పని ఏలూరులో ప్రారంభమైంది. కాలువలు వచ్చాక మిషనరీలు పడవల్లోనే ఊరూరా తిరిగారు. గోదావరి కాలువ, కృష్ణా కాలువ ఏలూరులో కలుస్తాయి గనుక ఒక డెల్టా నుంచి మరొక డెల్టాకు పడవ మీదనే పోగలిగేవారు. దుమ్ముగూడెంలో ఆనకట్ట పనులు ఆగిపోయినా, అక్కడ హేగ్ పూనికతో 1860లో కోయల మధ్య మొదలైన పరిచర్య ఆగలేదు. ఇంజనీర్ల దృష్టిలో విఫలమైన చోట దేవుడు సంఘాన్ని నాటాడు.

ఇక ఎండిన కాలువ దగ్గరికి వద్దాం. వేసవిలో కాలువ కట్టేసేది మరమ్మతు కోసం, పూడిక తీయడం కోసం. పూడిక తీయని కాలువలో నీరు వదిలినా పారదు. ఇస్సాకు కొత్త బావులు తవ్వకముందు, తన తండ్రి తవ్వగా ఫిలిష్తీయులు పూడ్చిన బావులను తిరిగి తవ్వించాడు. మన తరానికి అదే పని ఉంది. తాతల కాలంలో తెల్లవారుజామున ఇంటింటా వినిపించిన ప్రార్థన ఎక్కడ పూడిపోయింది? ఒకే సంఘంలో రెండు కుటుంబాల మధ్య ఏళ్ళ తరబడి పేరుకున్న పగ ఎంత మందం ఉంది? పెంతెకొస్తు నాడు ఆత్మ కుమ్మరింపు కోసం అడిగే ముందు పార పట్టుకోవాలి.

నీరు వదిలాక మరొక పరీక్ష ఉంటుంది. దాళ్వాలో నీరు తగ్గినప్పుడు వంతులు పెడతారు. ఎగువ చేలవారు రాత్రిపూట తూము ఎత్తి తమ చేను ముందు తడుపుకుంటే శివారు చేను ఎండిపోతుంది. కాలువ మంచిదా కాదా అన్నది ఆనకట్ట దగ్గర తెలియదు, శివారులో తెలుస్తుంది. కొల్లేటి అంచున ఉన్న రైతుకు ఈ మాట వివరించనక్కరలేదు. మన సంఘాలకు కూడా శివారులు ఉన్నాయి. పంట పండుగ నాడు ప్రథమ ఫలాల వేలంపాటలో ఒక గుమ్మడికాయ వేల రూపాయలు పలుకుతుంది. చప్పట్లు కొడతాము. అదే మందిరంలో వెనుక వరుసలో కూర్చున్న విధవరాలు తన గుప్పెడు బియ్యం పెట్టి నిశ్శబ్దంగా వెళ్ళిపోతుంది. ఆమె ఇంటికి కాపరి వెళ్ళి ఎన్నాళ్ళయింది? పేటలో చిన్న మందిరానికి బల్లారాధన జరిపేందుకు ఎవరైనా వెళ్తున్నారా? చేపల చెరువుల మీద కాపలా ఉండి ఆదివారం కూడా రాలేని యువకుని దగ్గరికి వాక్యం వెళ్ళిందా? యెహెజ్కేలు చూసిన దర్శనంలో మందిరపు గడప కింద పుట్టిన నీరు గడపలో ఆగలేదు. దూరం పోయేకొద్దీ లోతయింది, చివరకు ఉప్పు సముద్రాన్ని బాగు చేసింది. మన దగ్గర మాత్రం మందిరంలో లోతుగా ఉన్న నీరు వీధిలోకి వెళ్ళేసరికి చీలమండలు కూడా తడపడం లేదు.

కాటన్ 1860లో ఉద్యోగ విరమణ చేసి ఇంగ్లాండు వెళ్ళారు. చివరి సంవత్సరాలు డార్కింగ్‌లో గడిపారు. అంత పెద్ద నదులను మళ్ళించినవాడు ముసలితనంలో తన ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ ఎక్కువ పండించవచ్చునేమో పరీక్షిస్తూ ఉన్నారు. పేదవాడికి మరికొంత తిండి దొరకాలన్న చింత ఆయనను విడువలేదు. 1899 జూలైలో, తొంభై ఆరేళ్ళ వయసులో ప్రభువునందు నిద్రించారు. మరుసటి సంవత్సరం కుమార్తె ఎలిజబెత్ ఆయన జీవితచరిత్రను ప్రచురించారు. ఆయన కట్టిన ఆనకట్ట కూడా శాశ్వతం కాలేదు. అది పాతబడగా 1970లలో కొత్త బ్యారేజీ కట్టడం మొదలై 1982లో పూర్తయింది. దానికి ఆయన పేరే పెట్టారు. రాయి మారింది, నీరు మాత్రం అదే దారిన పారుతోంది. మన పేర్లు, మన భవనాలు కూడా ఒకనాడు మారతాయి. మనం తవ్విన దారిలో కృప పారితే చాలు.

జూన్‌లో మళ్ళీ నీరు వదులుతారు. ఆ లోపల ప్రతి సంఘమూ ఒక పని చేయాలని మేము కోరుతున్నాము. కమిటీ పెద్దలు, స్త్రీల సమాజం, యువజనులు కలిసి కూర్చుని, తమ సంఘంలో శివారు ఇళ్ళు ఏవో పేరు పేరునా రాసుకోండి. పెంతెకొస్తు ఆదివారం లోపల ఆ ఇళ్ళకు వెళ్ళి ప్రార్థించి రండి. ఆ ఇళ్ళలో ఏమి కొరత ఉందో అడిగి తెలుసుకోండి.

జీవజలమునిచ్చు ప్రభువు మన పూడికను తీసి, మనలోనుండి శివారు చేను దాకా పారునుగాక. ఆమేన్.