యంత్రవిద్యాసాధకుడు జి.డి. నాయుడు

కరీంనగరులో బయలుదేరి, నిర్మల్ దాటి, మహబూబ్ ఘాట్ ఎక్కుతున్న ఒక పాత పెట్రోలు జీపును ఊహించుకోండి. మలుపు వద్ద ఇంజను హఠాత్తుగా తడబడుతుంది. లయ తప్పి రెండు మూడు కుదుపులు ఇస్తుంది. కొంతదూరం పోయాక ఏమీ ఎరుగనట్లు నడుస్తుంది. ఆదిలాబాదు చేరి షెడ్డులో నిలిపేసరికి మిస్త్రీ చెవికి ఏ దోషమూ వినబడదు. మన డ్రైవర్లు దీనినే మిస్సింగ్ అంటారు. ఎల్లవేళలా ఉండే దోషం కంటె వచ్చిపోయే దోషమే యంత్రం తెలిసినవానికి కఠినపరీక్ష. మోటారు మనదేశానికి కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏ కళాశాలలోనూ చదువకుండా, ఇటువంటి పరీక్షలకు తన చేతులనే గురువులుగా చేసుకొన్న తెలుగువాడు గోపాలస్వామి దొరస్వామి నాయుడు. లోకానికి ఆయన జి.డి. నాయుడుగా సుపరిచితుడు.

నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో జన్మించారు. ఏనాడో దక్షిణానికి తరలిపోయి, తమిళసీమలో స్థిరపడి, ఇంట తెలుగును నిలుపుకొన్న వ్యవసాయ కుటుంబం వారిది. పసితనంలోనే తల్లిని కోల్పోయారు. బడి ఆయనకు రుచించలేదు. చదువు ప్రాథమిక దశ దాటలేదు. పొలంపనుల మధ్య పెరిగిన ఆ బాలుని జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు.

అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి. ఒక ఆంగ్ల రెవెన్యూ అధికారి దానిపై గ్రామానికి వచ్చాడు. ఎద్దులు లేకుండా, గుర్రం లేకుండా దానంతట అది పరుగెత్తే ఆ వాహనం యువకుని మనస్సును పట్టివేసింది. దానిని కొనాలంటే ధనం కావాలి. కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా కొన్నేళ్లు ఊడిగం చేసి, పైసా పైసా కూడబెట్టి చివరకు ఆ బండినే కొన్నారు. కొన్నవాడు ఊరేగలేదు. దానిని విప్పారు. ప్రతి భాగాన్నీ చూచి మరల బిగించారు. మరొకరైతే దీనిని పిచ్చి అనేవారు, కాని ఆయనకు అదే పాఠశాల.

ఆ పాఠశాలలో ఏమి నేర్వవలసి ఉండేదో కొంచెం తెలుసుకొంటే గాని ఆ సాధన విలువ మనకు బోధపడదు. పెట్రోలు ఇంజనుకు ముఖ్యంగా కావలసినవి మూడు. గాలీ ఇంధనమూ తగుపాళ్లలో కలియాలి, ఆ మిశ్రమం సిలిండరులో గట్టిగా నొక్కబడాలి, సరియైన క్షణంలో ప్లగ్గు వద్ద నిప్పురవ్వ పుట్టాలి. వీటిలో ఏది లోపించినా ఆ విడత పేలుడు జరుగదు. 1888 ఆగస్టులో జర్మనీ దేశంలో బెర్తా బెంజ్ అనే ధీరవనిత తన భర్త నిర్మించిన మోటారు బండిలో ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్‌స్‌హైమ్ వరకు ప్రయాణించింది. ప్రపంచంలో మోటారుపై జరిగిన తొలి సుదూరయాత్ర అదే. దారిలో ఇంధనపు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకొనే సూదితో శుభ్రపరిచింది. నిప్పురవ్వకు విద్యుత్తును తెచ్చే తీగపై తొడుగు చెడితే తన మేజోడు పట్టీని దానికి చుట్టింది. నేటికీ పాత బండి మిస్సింగ్‌కు కారణం వెదకేవారు మొదట చూచేవి ఆ రెండే: ఇంధనం, నిప్పురవ్వ.

నాలుగు సిలిండర్ల బండిలో దోషం ఏ సిలిండరుదో తెలుసుకొనే ఉపాయం ఒకటి మన షెడ్లలో తరతరాలుగా ఉన్నది. ఇంజను నడుస్తుండగా, కట్టెపిడి గల స్క్రూడ్రైవరుతో ఒక్కొక్క ప్లగ్గుకు అందే విద్యుత్తును ఇంజను ఇనుముకు మళ్లిస్తారు. ఆరోగ్యంగా ఉన్న సిలిండరును అలా ఆపితే ధ్వని మారి ఇంజను కుంటుతుంది. ఆపినా ధ్వని మారలేదంటే ఆ సిలిండరు అప్పటికే పనిచేయడం లేదన్నమాట. పిమ్మట దాని ప్లగ్గును పక్క సిలిండరుకు మారుస్తారు. దోషం ప్లగ్గు వెంటనే పోతే ప్లగ్గుదే తప్పు, అక్కడే నిలిచితే తీగనో కవాటాన్నో చూడాలి. ప్లగ్గు రంగు కూడా సాక్ష్యం చెబుతుంది. మసిబారితే పెట్రోలు పాలు ఎక్కువైనదని, నూనెతో తడిసి ఉంటే పిస్టను రింగులు అరిగినవని సాధారణంగా గ్రహించవచ్చు. అయితే వచ్చిపోయే దోషం ఇంత సులభంగా లొంగదు. కాయిలుగాని కండెన్సరుగాని వేడెక్కినప్పుడే విఫలమై, చల్లారగానే బాగుపడుతుంది. ట్యాంకు అడుగున చేరిన నలక ఒకటి కార్బరేటరు జెట్టుకు అడ్డుపడి మరల తొలగుతుంది. చిట్లిన తీగ వానకారు తేమలో మాత్రమే విద్యుత్తును కారుస్తుంది. అందువల్ల చల్లని బండిని షెడ్డులో పరీక్షించి లాభం లేదు. దోషం కనబడిన పరిస్థితినే మరల కల్పించాలి. రడ్జ్ వంటి ఏకసిలిండరు బండికైతే పోల్చిచూడడానికి పక్క సిలిండరు కూడా ఉండదు. చెవీ, చేయీ, ఓర్పూ ఈ మూడే ఆధారం.

నాయుడుగారు ఇటువంటి విద్యతో మెకానిక్‌గా పేరు సంపాదించారు. మధ్యలో ప్రత్తి వ్యాపారంలోకి దిగి, సంపాదించినది పోగొట్టుకొన్నారు. ఆ సమయంలో కోయంబత్తూరులోని ఆంగ్ల పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ ఆయనకు అండగా నిలిచారు. 1920లో ఒక బస్సును సమకూర్చుకొని పొల్లాచి, పళనిల మధ్య తానే నడిపారు. సుమారు అరవై కిలోమీటర్ల ఆ బాటలో డ్రైవరూ ఆయనే, మరమ్మతుదారూ ఆయనే. మార్గమధ్యంలో బండి మొరాయిస్తే ప్రయాణికులు మరునాడు ఎద్దులబండినే వెదకుకొంటారు. కనుక ఇంజను నమ్మకంగా నడవడమే ఆయనకు పెట్టుబడి. ఆ ఒక్క బస్సు యు.ఎం.ఎస్. అనే పెద్ద రవాణాసంస్థగా ఎదిగింది. వందలకొద్దీ వాహనాలు, సొంత వర్క్‌షాపులు దానికి ఏర్పడినాయి. మన హైదరాబాదు సంస్థానంలో నిజాం రైల్వేవారి రోడ్డు రవాణాశాఖ 27 బస్సులతో 1932లో ఆరంభమైనదంటే, ప్రభుత్వ బలం లేని ఒక రైతుబిడ్డ అంతకు పన్నెండేళ్ల ముందే వేసిన అడుగు ఎంత సాహసమైనదో ఊహించవచ్చు.

బస్సులతో ఆయన తృప్తిపడలేదు. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి స్వదేశీ విద్యుత్ మోటారు తయారీకి పూనుకొన్నారు. జర్మనీ వెళ్లివచ్చి, బ్యాటరీతో నడిచే రసాంత్ అనే క్షురయంత్రాన్ని రూపొందించారు. పండ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే పంకా, పొలంలో కొత్తరకం ప్రత్తి, బొప్పాయి, ఇలా ఆయన చేయి పెట్టని రంగం అరుదు. ఛాయాగ్రహణంపై మక్కువతో 1936లో లండనులో అయిదవ జార్జి చక్రవర్తి అంతిమయాత్రను చిత్రీకరించారు. అదే ఏడు రాష్ట్ర శాసనసభకు పోటీచేసి ఓడిపోయారు. ఇంజన్లు లొంగినంత తేలికగా ఓటర్లు లొంగలేదు!

ఆయన జీవితంలో అన్నింటికంటె చర్చనీయమైనది విద్యారంగంలోని పట్టుదల. 1945లో ఆర్థర్ హోప్ పేరిట కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం స్థాపనకు కారకులయ్యారు. ఇంజనీరింగు చదువుకు నాలుగేళ్లు వ్యర్థమనీ, శ్రద్ధగా నేర్పితే రెండేళ్లు చాలుననీ ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరించలేదు. ఆయన బాధ్యతల నుంచి తప్పుకొన్నారు. గణితము, లోహశాస్త్రము వంటివి రెండేళ్లలో ఒంటబట్టునా అన్న సందేహం మనకు కలుగవచ్చు. అది న్యాయమైన సందేహమే. ఆ విద్యాలయమే తరువాత ప్రభుత్వ సాంకేతిక కళాశాలగా ప్రసిద్ధి పొందింది.

1952లో మరొక ఆశ భగ్నమైనది. ఇద్దరు కూర్చొనగల పెట్రోలు కారును నిర్మించి, సుమారు రెండువేల రూపాయలకే అందించగలనన్నారు. తయారీకి కావలసిన అనుమతి ప్రభుత్వం నుంచి లభించలేదు. మొరాయించిన ఇంజనులో కారణం వెదకి పట్టుకొనగలిగిన ఆయనకు, ఈ అడ్డంకిని తొలగించే ఉపాయం దొరకలేదు. ఆ కారు నమూనాగానే మిగిలిపోయింది.

1974 జనవరి 4న నాయుడుగారు పరమపదించారు. 2015లో కోయంబత్తూరులో ఆయన పేరిట కార్ల మ్యూజియం వెలసింది. లోకమంతటి నుంచి సేకరించిన పాతకాలపు వాహనాలు అందులో కొలువుదీరినాయి.