సూర్యుణ్ణి రాయి అన్న అనక్సాగరస్

గ్రీకు తత్వవేత్తల్లో మనం తక్కువగా తలచుకునేవారు అనక్సాగరస్. క్రీ.పూ. 500 ప్రాంతంలో, నేటి తుర్కియా పశ్చిమ తీరాన క్లాజొమెనే పట్టణంలో జన్మించారు. ఏథెన్స్ చేరి, నాయకుడు పెరిక్లీస్‌కు ఆత్మీయులయ్యారు. ఏ వస్తువూ కొత్తగా పుట్టదు, నశించదు. ఉన్నవే కలుస్తూ విడిపోతూ ఉంటాయి అన్నది ఆయన బోధ. ఆదిలో కలగాపులగంగా ఉన్న సమస్తాన్నీ కదిలించింది, దేనితోనూ కలవని ఒక బుద్ధి అన్నారు. అయితే ఆ బుద్ధి ఏ మేలు కోరి లోకాన్ని ఇలా అమర్చిందో చెప్పనేలేదు. సోక్రటీస్ నిరాశపడింది ఇక్కడే. అది సబబేనని మేమూ భావిస్తున్నాము.

కానీ సూర్యుణ్ణి దేవుడనే జనం మధ్య నిలబడి, అది మండే రాయి మాత్రమేనని చెప్పడానికి ఎంత ధైర్యం కావాలి! ఆయనపై దైవదూషణ నేరం మోపారు. ఏథెన్స్ విడిచి లాంప్సాకస్ వెళ్ళి, క్రీ.పూ. 428 ప్రాంతంలో అక్కడే మరణించారు. పరాయివాడైనా ఆ ఊరివారు ఆయన్ను గౌరవంగా ఖననం చేశారు.