రంగూను రేవులో కోరంగి బిడ్డ: మల్లాడి సత్యలింగం నాయకర్

1839 నవంబరులో వచ్చిన తుపాను గోదావరి సాగర సంగమం దాపుననున్న కోరంగి రేవును ఊడ్చివేసినది. ఓడలు కట్టి సముద్రాలు దాటించిన ఆ ఊరు మరల మునుపటి స్థితికి రాలేదు. మల్లాడి సత్యలింగం నాయకర్ ఆ ఊరనే, 1840 ప్రాంతమున, ఒక పేద అగ్నికులక్షత్రియ కుటుంబంలో జన్మించినారు. బ్రతుకుతెరువు లేని వారికి ఆనాడు కనిపించిన దారి బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డు, బర్మాదేశం.

1852లో ఆంగ్లేయుల వశమైన రంగూను చూచుచుండగానే మహానగరమైనది. టేకు దుంగలు నదుల వెంట తేలివచ్చి కోతమిల్లులకు చేరేవి. 1869లో సూయజు కాలువ తెరచిన పిమ్మట బియ్యపు ఎగుమతి ఇబ్బడిముబ్బడిగా పెరిగినది. ఆ మిల్లులలోను, రేవులోను చెమటోడ్చిన వారిలో తెలుగు కూలీలు ఎందరో. బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనేవారు. పేరు ఊరిదే గాని, పిలుపులో గౌరవం తక్కువ.

సత్యలింగంగారు ఆ రేవులోనే కష్టించి, ఓడల సరకులు ఎత్తించి దింపించే కాంట్రాక్టరై విశేష ధనం గడించినారు. ఇచట ఒక మాట చెప్పక తప్పదు. రంగూనులో కూలీలను సమకూర్చిన మేస్త్రీ పద్ధతి మంచిది కాదు. ఓడ ఛార్జీకని ముందుగా ఇచ్చిన అప్పు తీరేవరకు కూలీకి స్వేచ్ఛ లేదు. చెమటోడ్చి సంపాదించిన కూలిలో కొంత మేస్త్రీల చేతులలోనే నిలిచిపోయేది. ఆ రేవు ఐశ్వర్యానికంతటికి మోసిన మూపులు వారివి. నాయకర్ గారి చరిత్రను పూజాభావంతో వ్రాసేవారు ఈ సంగతి దాటవేయుట నాకు నచ్చదు. దుబాయి ప్రయాణానికి అప్పుచేసిన ఇండ్లను ఎరిగిన జగిత్యాల, కోరుట్ల ఉపాధ్యాయులకు, భివండి మగ్గాల వలస తెలిసిన సిరిసిల్ల విద్యార్థులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు.

అయితే ఆ ధనం ఎటు పోయినదో కూడ చూడవలెను. తమ ఆస్తిని ధర్మకార్యాలకు, ముఖ్యంగా పేదబిడ్డల చదువులకు వినియోగించవలెనని మరణశాసనం వ్రాసి, 1915లో ఆయన కన్నుమూసినారు. పుణ్యమనగా సత్రమో చెరువో అని తలచే ధనికులు మెండుగానున్న కాలమది. బడిని ధర్మమని గుర్తించుట చిన్న సంగతి కాదు. కాకినాడ జగన్నాథపురంలో ఆయన పేర వెలసిన ధర్మసంస్థ పాఠశాలలు, కళాశాల నడిపినది. ఆంధ్ర విశ్వవిద్యాలయపు స్నాతకోత్తర కేంద్రం కాకినాడలో ఆయన పేరనే వెలసినది.

1930 మే నెలలో అదే రంగూను రేవులో బర్మీయులకు, తెలుగు కూలీలకు ఘోరమైన అల్లర్లు జరిగినవి. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడినవి. మరుసటి సంవత్సరం వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో, కాలినడకన కొండలు దాటి స్వదేశం చేరినవి. దారిలో రాలిపోయినవారు ఎందరో. నాయకర్ గారి సొమ్ములో బడులైన భాగం అప్పటికే కాకినాడ చేరి ఉండినది.