పల్లమెరిగిన కృప

విజయవాడ వన్ టౌన్ వీధుల మీదుగా నడిచి వచ్చి, తెల్లవారుజామున దుర్గాఘాట్ మెట్లు దిగి కృష్ణవేణిలో మూడు మునకలు వేసే భాగ్యం మీలో చాలామందికి కలిగే ఉంటుంది. మండువేసవిలో సైతం ఆ మెట్ల చెంత నీరు నిలిచి ఉండటం సహజమని మనం అనుకుంటాం. పూర్వం అలా ఉండేది కాదు. ఈ ఒడ్డున ఇంద్రకీలాద్రికి, ఆవలి ఒడ్డున సీతానగరం కొండకు మధ్య రమారమి ముప్పాతిక మైలు వెడల్పున పారే నదికి అడ్డంగా 1852లో ఆనకట్ట పని ఆరంభమై 1855లో పూర్తయింది. 1952లో అది తెగిపోగా, దాని స్థానంలో 1954, 1957 సంవత్సరాల మధ్య ప్రకాశం బ్యారేజీని నిర్మించారు. ఆ తొలి ఆనకట్ట కావాలని పట్టుబట్టినవారిలో అగ్రగణ్యుడు సర్ ఆర్థర్ కాటన్. మన పెద్దలు ఆప్యాయంగా కాటన్ దొర అని పిలుచుకున్న ఆ మహనీయుడు ఇంజనీరే కాక పరమ భక్తుడైన క్రైస్తవుడు కూడా.

గోదావరీ తీరంలో స్నానవేళ ఆయనను భగీరథునిగా స్మరిస్తూ సంస్కృత శ్లోకం చదివే పండితులు ఉన్నారు. నదీస్నాన పుణ్యాన్ని మనకు నిత్యం అందించినవాడని ఆ స్మరణకు భావం. అర్చక వృత్తిలో జీవితం గడిపిన నాకు ఆ స్మరణలో ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. మనం ఆయనకు పుణ్యాన్ని ఆపాదిస్తున్నాం. ఆయన నమ్మిన మతమో, మనిషి తన పుణ్యంతో దైవాన్ని గెలుచుకోలేడని బోధిస్తుంది. అటువంటి విశ్వాసం గలవాడు ఇంత పుణ్యకార్యం ఎందుకు చేసినట్లు? ఈ ఒక్క ప్రశ్నను దృష్టిలో ఉంచుకొని ఆయన జీవితాన్ని పరికిద్దాం.

కూలి వేరు, కృప వేరు

క్రైస్తవ ధర్మంలో కృప అనే మాటకు ప్రత్యేకమైన అర్థముంది. యోగ్యత లేనివానికి భగవంతుడు ఉచితంగా ప్రసాదించే అనుగ్రహమే కృప. చేసిన పనికి ముట్టేది కూలి. అడిగే హక్కు లేనివానికి అందేది కృప. పౌలు తన లేఖలలో మరల మరల బోధించిన సారం ఇదే. రక్షణ అన్నది సత్కార్యాలకు ప్రతిఫలంగా రాదు. విశ్వాసంతో చేయి చాచినవానికి వరంగా లభిస్తుంది. ఇక సత్కార్యాలంటారా, అవి కృప పొందిన చెట్టుకు కాసే కాయలు. కాయలు కాసినందువల్ల చెట్టుకు వేళ్లు పుట్టవు కదా!

ఈ విచారం మన శ్రీవైష్ణవ సంప్రదాయం ఎరిగినవారికి కొత్తది కాదు. కోతిపిల్ల తానే తల్లి పొట్టను కరచి పట్టుకుంటుంది. పిల్లికూననైతే తల్లే నోట కరచుకొని తీసుకుపోతుంది. మన ఆచార్యులు వీటిని మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అన్నారు. క్రైస్తవులు చెప్పే కృప ఈ రెండవ దానికి చేరువగా ఉంటుంది. అయితే తల్లి నోట ఉన్న కూన నిశ్చింతగా ఉంటుంది. కాటన్ మాత్రం జీవితంలో పెక్కు సంవత్సరాలు ఎండలో, జ్వరాలలో, నదుల ఇసుక తిన్నెలపై శ్రమించాడు. ఆ శ్రమకు మూలం ఎక్కడ?

వంగి నేర్చుకున్న విద్య

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. తండ్రికి ఆయన పదవ కుమారుడు. అడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చదివి, 1819లో ఇంజనీరుగా సైనికోద్యోగం పొంది, 1821లో మద్రాసు చేరాడు. అప్పటికి ఆయన వయస్సు 18 ఏళ్లు. మొదటి బర్మా యుద్ధంలో పనిచేశాడు. యౌవనంలోనే ఆయన హృదయం దైవం వైపు గాఢంగా మళ్లింది. ఆయన కుమార్తె ఎలిజబెత్ హోప్ 1900లో ప్రచురించిన జీవితచరిత్రలో మనకు కనిపించేది, ప్రార్థనను నిత్యవిధిగా చేసుకున్న ఒక నిరాడంబర భక్తుడు.

కృప పొందినవానికి మొదటి లక్షణం వినయం. అది ఆయన విద్యలో సైతం కనిపిస్తుంది. కావేరీ మండలంలో పనిచేస్తున్న కాలంలో ఆయన చోళుల నాటి కల్లణైని శ్రద్ధగా పరిశీలించాడు. గట్టి రాతినేల దొరకని ఇసుక నదిలో పునాది ఎలా నిలుస్తుందన్నది ఆనాటి పాశ్చాత్య ఇంజనీర్లకు పెద్ద సమస్య. మన పూర్వులు శతాబ్దాల క్రితమే ఇసుకపై రాళ్లు పేర్చి, బంకమట్టితో బిగించి కట్ట నిలిపారు. ఏలే జాతికి చెందిన అధికారి అయినప్పటికీ, ఆ విద్య తనది కాదనీ, పేరు తెలియని ఆ పనివారి నుంచే నేర్చుకున్నాననీ కాటన్ అంగీకరించాడు. అంతటితో ఆగక 1854లో వెలువరించిన గ్రంథంలో, పాత రాజులు తవ్వించిన చెరువులను మరమ్మతు చేయడం కూడా చేతకాని పాలకులుగా ప్రజలు మనలను చూస్తున్నారని తన ప్రభుత్వాన్నే నిలదీశాడు. పై అధికారులలో పలువురికి ఆయన కంటగింపు కావడంలో వింత లేదు.

నందన కరువు

ఇక మన ప్రాంతపు కథకు వద్దాం. 1832–33లో నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు పేరు చెబితే మన ముత్తాతల తరం వణికిపోయేది. జనం డొక్కలు ఎండిపోయాయి గనుక దానిని డొక్కల కరువని కూడా అన్నారు. గుంటూరు మండలంలో సుమారు 5 లక్షల జనాభా ఉండగా, లక్షన్నర మంది మరణించినట్లు అంచనా. ఊళ్లకు ఊళ్లు పాడుపడ్డాయి. పశువుల సంగతి చెప్పనక్కరలేదు.

ఇందులో మరింత బాధాకరమైన సంగతి ఉంది. కృష్ణ, గోదావరి వంటి జీవనదుల మధ్య ఉన్న నేల ఇది. ఏటేటా వరదనీరు పొలాల పక్కనుంచే పోయి సముద్రంలో కలిసేది. ఇచ్చేవాడు ఇస్తూనే ఉన్నాడు. అందుకొనే మార్గమే లేదు. కాటన్ తన నివేదికలలో వాదించినది ఈ సంగతే. కొంతకాలం విశాఖపట్నంలో పనిచేసిన తరువాత 1844లో ఆయన గోదావరి డెల్టాపై తన నివేదిక సమర్పించాడు. 1847లో ధవళేశ్వరం వద్ద పని ఆరంభమైంది. మరుసటి సంవత్సరం అనారోగ్యం ఆయనను పడగొట్టింది. సెలవుపై ఆస్ట్రేలియా వెళ్లక తప్పలేదు. ఆయన తిరిగి వచ్చేవరకు కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. 1852లో గోదావరి ఆనకట్ట పూర్తయింది. మన బెజవాడ ఆనకట్టను 1855 నాటికి పూర్తిచేయించినవాడు కూడా ఈ ఓర్ గారే. తాను లేకపోయినా పని సాగడం అహంకారికి అవమానంగా తోస్తుంది. పని దైవానిదని నమ్మినవానికి అందులో ఊరట దొరుకుతుంది. అలాగే ఎండలో రాళ్లు మోసి, ఏ శిలాఫలకం పైనా పేరు లేకుండా పోయిన వేలాది కూలీలను కూడా ఇక్కడ మనం స్మరించాలి. ఈనాటి మన అన్నంలో వారి చెమట కలిసి ఉంది.

నీరు పల్లమెరుగు

ఆనకట్ట పనిచేసే తీరును ఒకసారి గమనించండి. కృష్ణ మన కొండల మధ్యనుంచి బయటపడి సముద్రం వైపు సాగేటప్పుడు, తెచ్చిన ఒండ్రును అంచుల వెంట పేర్చుకుంటూ పోతుంది. అందువల్ల గట్టు ఎత్తుగానూ, గట్టు నుంచి దూరం పోయేకొద్దీ పొలం పల్లంగానూ ఉంటుంది. డెల్టా తలభాగంలో, అనగా సరిగ్గా విజయవాడ వద్ద, నీటిమట్టాన్ని కొంచెం పెంచి కాలువకు మళ్లిస్తే చాలు. ఏలూరు కాలువలోనూ, బందరు కాలువలోనూ నీరు తనంతట తానే పల్లానికి దిగి పొలాలకు చేరుతుంది. తోడేవారు అక్కరలేదు. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఊరకే అనలేదు.

క్రైస్తవ పెద్దలు కృపను గురించి చెప్పేది కూడా ఇంతే. అది ఎత్తున నిలిచినవానిని దాటి, వంగినవాని వద్దకు చేరుతుంది. పొలం ఏ తపస్సు చేసి కాలువను తెచ్చుకుంది? చేసినదల్లా పల్లంగా ఉండటం, మడవ తెరచి ఉంచడం. నీరు చేరిన పొలం మాత్రం పండక మానదు. పండిన గింజ నీటికి చెల్లించిన వెల కాదు. నీరు వచ్చిందనడానికి సాక్ష్యం. కాటన్ శ్రమను ఈ దృష్టితో చూస్తే మన ప్రశ్నకు సమాధానం దొరుకుతుంది. తాను ఉచితంగా పొందానని నమ్మినవాడు ఇవ్వకుండా ఉండలేకపోయాడు.

లెక్కలు, లోటుపాట్లు

కాటన్ చేసినదంతా సఫలమైందని చెప్పడం సత్యదూరం. కుంపిణీ ప్రభుత్వం ఆనకట్టలకు అనుమతినిచ్చింది దయతో మాత్రమే కాదు. పన్ను రాబడి పెరుగుతుందన్న ఆశ కూడా అందులో ఉంది. కాటన్ సైతం లాభనష్టాల లెక్కలు చూపించే వారిని ఒప్పించవలసి వచ్చింది. ఆయన ప్రోత్సాహంతో ఒక ప్రైవేటు కంపెనీ చేపట్టిన కర్నూలు-కడప కాలువ వ్యాపారదృష్టితో విఫలమై, 1882లో ప్రభుత్వం చేతికి వచ్చింది. ఆ అపజయం ఆయన పేరుకు మచ్చగా నిలిచింది. 1876–78లో ధాత కరువు మద్రాసు రాజధానిని దహించినప్పుడు కృష్ణా, గోదావరి డెల్టాలు తట్టుకొని ఇతరులకు ధాన్యం పంపగలిగాయి. బళ్లారి, కర్నూలు సీమల ప్రజలు మాత్రం ఘోరంగా నశించారు. కాలువ చేరిన ఊరికీ, చేరని ఊరికీ ఉన్న అంతరం అది. ఆయన పోరాటం వృద్ధాప్యంలో కూడా ఆగకపోవడానికి కారణం అదే. నాడు విఫలమైందనిపించుకున్న కర్నూలు-కడప కాలువ నేటికీ పొలాలను తడుపుతోంది. ఫలం ఎప్పుడు వస్తుందో నిర్ణయించేది మనం కాదు.

1860లో ఉద్యోగ విరమణ చేసిన కాటన్‌కు మరుసటి ఏడాది సర్ బిరుదు లభించింది. ఇంగ్లండులోని డార్కింగ్‌లో స్థిరపడి, ముదిమిలో కూడా గోధుమ సాగులో ప్రయోగాలు చేస్తూ గడిపాడు. 1899 జూలై 24న, తన 97వ ఏట కన్నుమూశాడు. నేడు గోదావరి సీమలో ఆయన విగ్రహాలకు రైతులు పూలమాలలు వేస్తారు. ప్రకాశం బ్యారేజీ కింద రమారమి 13 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి.

పాఠక మహాశయులారా! భగీరథుడు తపస్సుతో గంగను దింపాడని మనం చదువుకున్నాం. అంత తపస్సు ఫలించిన తరువాత కూడా ఆ వేగాన్ని శివుడు దయతో శిరస్సున ధరించకపోతే భూమి నిలిచేది కాదు. కాటన్‌ను భగీరథుడని పిలిచేటప్పుడు ఈ రెండవ భాగాన్ని కూడా గుర్తుంచుకుంటే, ఆయన విశ్వాసాన్ని మనం గౌరవించినట్లవుతుంది.

ఈసారి మీరు ఏలూరు కాలువ వంతెన మీదుగా పోయేటప్పుడు ఒక్క నిమిషం ఆగండి. మీరు సంపాదించనివి, అడగకుండానే మీకు అందినవి ఎన్ని ఉన్నాయో తలచుకోండి. తల్లి పాలు, గురువు చెప్పిన విద్య, ఆపదలో పరాయివాడు పట్టిన చేయి, ఈ కాలువ నీరు. లెక్క ఎక్కడా తేలదు. తేలని ఆ లెక్క ముందు శిరస్సు వంచి, మన పొలం తడిసిన తరువాత పక్క పొలానికి మడవ తెరుద్దాం.