కాటి సీనులో జాషువా పేరేది?

రాజుపాలెం (పల్నాడు జిల్లా): మన పల్నాటి ఊళ్లలో హరిశ్చంద్ర నాటకం ఆడిస్తే జనం కాటి సీను కోసమే నిద్ర ఆపుకొని కూర్చుంటారు. హార్మోనియం శ్రుతి అందుకోగానే హరిశ్చంద్రుడు శ్మశానాన్ని చూస్తూ పద్యం ఎత్తుకుంటాడు. వన్స్‌మోర్లు పడతాయి. ఆ పద్యాలన్నీ నాటకం రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతంవేనని చాలామంది నమ్మకం. వాటిలో బాగా పేరుపడ్డవి గుర్రం జాషువావి. బలిజేపల్లి నాటకం 1910ల నాటిది, అప్పటికి జాషువా ఇంకా కుర్రాడు. తర్వాతెప్పుడో ఆయన శ్మశానం మీద విడిగా ఒక ఖండిక రాసుకుంటే, నటులు ఆ పద్యాలను తెచ్చి నాటకంలో కలిపేసుకున్నారు.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. ఇల్లు క్రైస్తవం పుచ్చుకున్నది. సంస్కృతం తమ సొత్తనుకునే రోజుల్లో ఆయన జూపూడి హనుమచ్ఛాస్త్రి దగ్గర మేఘదూతం, రఘువంశం చదివారు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని సవర్ణులు గొడవ చేశారు. పొట్టకూటికి రాజమండ్రి వెళ్లి, మూకీ సినిమాలు ఆడుతుంటే తెర పక్కన నిలబడి కథ, సంభాషణలు గట్టిగా చదివే పని చేశారు. ఆయన పద్యం నోటికి అంత సులువుగా పట్టుబడటంలో ఈ కొలువు పాత్ర ఉందని మా అనుమానం. కాగితం మీది మాటను చీకట్లో కూర్చున్న జనం చెవిన వేయడమే కదా ఆ పని.

పద్యానికి ఛందస్సు కవి ఇస్తాడు. రాగం మాత్రం నటుడిది. ఒకే పద్యం ఒకరి గొంతులో ఒకలా, మరొకరి గొంతులో ఇంకోలా సాగుతుంది. డి.వి. సుబ్బారావు లాంటివారు పాడిన తీరు క్యాసెట్ల మీద ఊరూరా తిరిగింది. తర్వాతి హరిశ్చంద్రులు చాలామంది ఆ బాణీనే పట్టుకున్నారు. గాయకుల వాటా గాయకులదే, మేము కాదనం. కానీ బాణీ ఎవరిదో జనానికి తెలిసింది, పద్యం ఎవరిదో తెలియకుండా పోయింది.

ఇచ్చిపుచ్చుకోవడం జాషువాకూ కొత్త కాదు. 1941 నాటి ‘గబ్బిలం’ కాళిదాసు మేఘదూతం చట్రంలో సాగుతుంది. అక్కడ యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు. ఇక్కడ దక్షిణాది అస్పృశ్యుడు కాశీలోని శివుడికి గబ్బిలంతో పంపుతాడు. గబ్బిలమే ఎందుకంటే అది గుళ్లోకి పోగలదు, తాను పోలేడు. దూతను మార్చడంతోనే విరహకావ్యం కాస్తా కులం మీద ఫిర్యాదు అయిపోయింది. దీన్ని అనుకరణ అని తేలిగ్గా తీసేసేవాళ్లకు మాదొకటే ప్రశ్న. మేఘదూతాన్ని అనుసరించి ఎందరెందరో సందేశకావ్యాలు రాశారు. వాళ్లది సంప్రదాయం, జాషువాది మాత్రం అనుకరణ ఎలా అయింది?

తర్వాత గౌరవాలు వచ్చాయి. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగారు. 1964లో శాసనమండలి సభ్యత్వం, ‘క్రీస్తు చరిత్ర’కు సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

మళ్లీ కాటి సీను దగ్గరికి వద్దాం. చండాలుడైన వీరబాహుకు అమ్ముడుపోయి రాజు కాటికాపరి అయ్యాడని ప్రేక్షకులు కంటతడి పెడతారు. పుట్టుకతోనే కాటిపని నెత్తిన పడ్డ వీరబాహు కోసం ఎవరూ ఏడవరు, నాటకం ఏడిపించదు కూడా. సరిగ్గా ఆ చోటే ఒక మాదిగ తల్లి బిడ్డ రాసిన పద్యాలు వినబడతాయి. అంటరానితనం అడుగుపెట్టలేని చోటు ఈ నేల మీద శ్మశానమొక్కటేనని అవి చెబుతాయి. క్షత్రియుడి దుఃఖం కోసం కట్టిన సీనులో ఊరి వెలుపలివాళ్ల మాట దూరింది. నటులు ఆలోచించే కలిపారో, రక్తి కట్టిందని కలిపారో గానీ, నాటకం అసలు అర్థమే అక్కడ పక్కకు తిరుగుతుంది. రాసింది ఎవరో తెలిస్తే తప్ప వినేవాళ్లకు ఆ మలుపు అందదు.

నాటకం కరపత్రంలో హార్మోనిస్టు పేరు వేస్తారు, తబలా ఆయన పేరు వేస్తారు, చందాలిచ్చిన పెద్దల పేర్లు వేస్తారు. శ్మశానం పద్యాలు గుర్రం జాషువావి అని ఒక్క వరుస అచ్చు వేయించమని, సీను మొదలయ్యే ముందు మైకులో ఒకసారి చెప్పించమని పల్నాటి నాటక సమాజాలను మేము అడుగుతున్నాం.