గండిపేట వెనుక మోక్షగుండం.. మూసీకి కళ్లెం వేసిన ఇంజినీర్

హైదరాబాద్: హైటెక్ సిటీ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాటి కాస్త ముందుకెళ్తే గండిపేట. ఇప్పుడది వీకెండ్ స్పాట్. కానీ కట్టింది మాత్రం సిటీని వరద నుంచి కాపాడేందుకు. ఆ ప్లాన్ మోక్షగుండం విశ్వేశ్వరయ్యది.

1861లో కర్ణాటకలోని ముద్దేనహళ్లిలో పుట్టారు. పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని మోక్షగుండం. బొంబాయి సర్కార్ కొలువులో ఉండగా సింధ్‌లోని సుక్కూర్ పట్టణానికి మంచినీళ్లు తెచ్చారు. ఫిల్టర్లకు మున్సిపాలిటీ దగ్గర డబ్బుల్లేవు. దీంతో సింధు నదిలోనే బావి తవ్వించి, ఇసుకలోంచి ఊరిన నీటిని ఊరికి ఇచ్చారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ ఉప్పొంగి వేలాది ప్రాణాలు తీసింది. నిజాం సర్కార్ పిలుపుతో 1909లో హైదరాబాద్ వచ్చారు. సిటీలోకి రాకముందే, ఎగువనే వరదను ఆపాలని తేల్చారు. అలా 1920లో మూసీపై ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1927లో ఈసీ నదిపై హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ నీళ్లే సిటీ దాహం తీర్చాయి. డ్రైనేజీకి కూడా ఆయనే ప్లాన్ ఇచ్చారు.

1955లో భారతరత్న అందుకుని, 1962లో కన్నుమూశారు. వానాకాలంలో ఈ జంట జలాశయాల గేట్లు ఎత్తారంటే మూసీ ఒడ్డు బస్తీలు నేటికీ అలర్టే. పైన నీటికి జాగా ఉంటేనే కింద సిటీ సేఫ్.